వృద్ధుల కేసులు చూసే న్యాయవాదికి పూట గడుస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి అయిదేళ్ల న్యాయవిద్యలో మూడో సంవత్సరం చదువుతోంది. కంపెనీల ఒప్పందాలు, వ్యవహారాలు చూసే కార్పొరేట్ లా వైపు వెళితే స్థిరపడుతుందని మా ఆశ. తను మాత్రం వృద్ధుల ఆస్తి, పోషణ కేసులే చూస్తానంటోంది. మా అమ్మ ఇల్లు నా పేర రాసిచ్చిన దానపత్రాన్ని ఈ మధ్య చదివినప్పటి నుంచి ఈ పట్టుదల మొదలైంది. ముసలివాళ్ల తగవులతో పూట గడుస్తుందా? రెండు దారులనూ పోల్చి చెప్పగలరు.

సమాధానం: కోర్టు పని అంటే జంకే తల్లిదండ్రులు ఏదో ఒక రూపంలో నన్ను అడిగే ప్రశ్నే ఇది. పూట గడుస్తుంది. అయితే మీరు ఊహిస్తున్న చోటి నుంచి కాదు.

వృద్ధుల కేసులనగానే తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 గుర్తుకొస్తుంది. పిల్లలు చూడడం లేదని ఆర్డీవో దగ్గర పెట్టుకునే అర్జీ ఈ చట్టం కిందిదే. అక్కడ ఇప్పించే భత్యం నెలకు 10,000 రూపాయలు దాటకూడదని చట్టమే హద్దు పెట్టింది. పైగా ఈ అర్జీలు వినే ఆ ట్రిబ్యునల్ ముందు న్యాయవాది హాజరు కారాదని ఈ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. ఏ కోర్టులోనైనా, ట్రిబ్యునల్‌లోనైనా వాదించే హక్కును న్యాయవాదికిచ్చే న్యాయవాదుల చట్టం 30వ సెక్షన్ ముందు ఈ నిషేధం నిలవదని కేరళ హైకోర్టు 2021లో తేల్చింది కాని, ఆ భత్యం కోసం వచ్చిన పెద్దావిడ ఇచ్చే ఫీజుతో ఎవరి ఇల్లూ నడవదు.

అసలు పని తగవుకు ముందే ఉంటుంది. తమను చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చిన వృద్ధులు, ఆ షరతు తప్పితే దస్తావేజును రద్దు చేయించుకోవచ్చని అదే 2007 చట్టంలోని 23వ సెక్షన్ అంటుంది. ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో అదే కోర్టు, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు కలిగేలా ఉదారంగా చదవాలంటూ, కొడుకుకు రాసిచ్చిన దానపత్రాన్ని రద్దు చేసి ఆస్తిని తల్లికి అప్పగించమంది. దస్తావేజు రాసేనాడే ఆ ఒక్క వాక్యం పడి ఉంటే ఇన్నేళ్ల తిరుగుడు చాలామందికి తప్పేది. ఆ వాక్యం రాయడమే ఈ వృత్తి. తన తరఫున వ్యవహారాలు నడిపే అధికారాన్ని మరొకరికి రాసిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ సంగతీ అంతే. ఇచ్చిన మనిషికి మతిస్థిమితం తప్పితే, కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం ఆ అధికారం ముగిసిపోతుంది. అమ్మకు డిమెన్షియా ముదిరాక పనికొస్తుందని దాచుకున్న కాగితం, సరిగ్గా అప్పుడే చెల్లకుండా పోతుందన్నమాట. ఇవన్నీ ముందే చెప్పగల న్యాయవాదికి పని కరువు కాదు.

దీనికి చట్టం ఒక్కటే చాలదు. నాకు తెలిసిన ఒక న్యాయవాది గదిలో ఒకసారి, ఆస్తి కాగితం రాయించడానికి వచ్చిన తల్లిని ఏది అడిగినా కొడుకే జవాబు చెబుతున్నాడు. న్యాయవాది అతన్ని పది నిమిషాలు బయట కూర్చోమని, ఈ కాగితంలో ఏముందో మీ మాటల్లో చెప్పండని ఆవిడను అడిగారు. "పింఛను కాగితం కదా బాబూ" అందావిడ. ఆయన కలానికి మూత పెట్టేశారు, ఆ ఫీజూ పోయింది. డబ్బిచ్చేవాడు కొడుకైనా తన కక్షిదారు తల్లేనని గుర్తుంచుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా కష్టం.

ఇక మీరు ముచ్చటపడుతున్న కార్పొరేట్ దారి. మొదటి జీతం అక్కడే ఎక్కువ, కాదనను. కాని పెద్ద సంస్థలు కొత్తవాళ్లను ఎక్కువగా మొదటి వరుసలోని కొన్ని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల నుంచే తీసుకుంటాయి. మీ అమ్మాయి ఏ కళాశాలలో చదువుతోందో మీరు రాయనే లేదు. చేరినా తొలి ఏళ్లలో చాలామందికి దక్కేది వందల ఒప్పందాల్లో ఒకే రకం క్లాజు వెతికే పని, ఆ వెతుకులాటను ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కూడా చేసిపెడుతోంది. ఇష్టపడి వెళ్లినవాళ్లు అక్కడా రాణిస్తారు. నాన్న మాట కాదనలేక వెళ్లినవాళ్లు రెండేళ్లకే వెనక్కి వచ్చి నా ఎదుట కూర్చోవడం నేను చూశాను. అలాగని ఎల్డర్ లా (వృద్ధుల కేసుల న్యాయవిద్య) పేరుతో అమ్మే ఆన్‌లైన్ సర్టిఫికెట్లకూ డబ్బు తగలేయకండి. మంచి సివిల్ సీనియర్ దగ్గర జూనియర్‌గా నాలుగేళ్లు, వీలైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కొంత అనుభవం ఉంటే చాలు. మొదటి మూడేళ్లు చేతి ఖర్చుకు మీరు ఆదుకోవలసి రావచ్చు, దానికి మాత్రం సిద్ధపడండి.

ఒక మాట కటువుగా చెబుతున్నాను, మన్నించండి. దానపత్రం సంగతి రాశారు కాని, అది చదివి అమ్మాయి మిమ్మల్ని ఏమడిగిందో రాయలేదు. మీ బెంగ ఆమె సంపాదన గురించేనా, ఆమె అడిగిన ప్రశ్న గురించా? నాయనమ్మ గురించి అడిగిన పిల్ల మీకు ఎదురుతిరిగినట్టు కాదు. ఆమెను దారి మళ్లిస్తే ఆ ప్రశ్న మాయం కాదు.

ఆ దానపత్రాన్ని బీరువాలోంచి తీసి ఆమె చేతికివ్వండి. పోషణ షరతు అందులో ఉందో లేదో చూడమనండి; లేకపోతే మీ అమ్మకు భద్రత ఇచ్చేలా మీ తరఫున ఒక ఒప్పందం ముసాయిదా రాయమనండి. అది చదివి మీరు సంతకం పెట్టగలిగితే, ఈ వృత్తిలో ఆమెకు అదే మొదటి పని అవుతుంది.