ఇంటర్వ్యూ అయ్యాక రాసే నాలుగు వాక్యాలు

చిట్టీకి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న నువ్వు ఫోన్లో అడిగింది రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఇంటర్వ్యూ అయ్యాక థాంక్యూ మెయిల్ పెడితే కాకా పట్టినట్టు ఉంటుందేమోనని నీ అనుమానం. పెట్టకపోతే వచ్చే ఉద్యోగం కూడా పోతుందని మీ పీజీ హాస్టల్లో రూమ్మేట్ బెదిరింపు. ఆ రెండూ పక్కన పెట్టు. బెంగళూరులో ఏళ్ల తరబడి ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చున్నదాన్ని. అటువైపు ఏం జరుగుతుందో చెబుతాను, ఆ తర్వాత నువ్వే నిర్ణయించుకో.

నువ్వు గదిలోంచి బయటికి రాగానే నిన్ను ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఫీడ్‌బ్యాక్ ఫారం తెరుస్తారు. కోడింగ్ ఎలా చేసింది, తన ఆలోచన విడమరిచి చెప్పగలిగిందా, తీసుకోవచ్చా, వద్దంటే ఎందుకు వద్దు, ఇవన్నీ అందులో నింపాలి. కొందరు అప్పటికప్పుడే నింపేస్తారు. కొందరు హెచ్‌ఆర్ వాళ్లు ఒకటికి రెండుసార్లు గుర్తుచేశాక సాయంత్రం నింపుతారు. అంటే నీ మెయిల్ చేరేసరికి చాలాసార్లు మార్కులు పడిపోయి ఉంటాయి. చెడిపోయిన ఇంటర్వ్యూని మెయిల్ గట్టెక్కించదు. థాంక్స్ చెప్పలేదని ఎవరినైనా పక్కన పెట్టడం నేనున్న ఏ ప్యానెల్‌లోనూ జరగలేదు. కాబట్టి ఆ టెన్షన్ వదిలెయ్.

మరి ఎందుకు రాయాలంటావా? ఒక మనిషి తన పని ఆపుకొని గంటసేపు నీ కోసం కూర్చుంది. నీ రెజ్యూమె చదివింది. నువ్వు ఎక్కడో ఆగిపోతే చిన్న హింట్ ఇచ్చి ముందుకు నడిపించింది. అందుకు కృతజ్ఞత చెప్పడం మర్యాద. నాకైతే ఆ ఒక్క కారణమే చాలు. ఇంకోటి కూడా ఉంది. ఈ ఊళ్లో ఆఫర్ తీసుకుని చేరకుండా పోయేవాళ్లు చాలామంది. రాజీనామా ఇచ్చాక కూడా పాత కంపెనీలో పనిచేయాల్సిన నోటీస్ పీరియడ్ రెండు మూడు నెలలుంటుంది, ఆలోపు ఇంకో కంపెనీ నాలుగు రూపాయలు ఎక్కువిస్తానంటే అటు వెళ్లిపోతారు. అప్పుడు కంపెనీ కోసం మనుషుల్ని వెతికే రిక్రూటర్ పాత జాబితా తిరగేస్తుంది. పేరు చూడగానే మనిషి గుర్తొస్తే నీకు మేలే కదా.

ఇక అసలు సంగతి. కృతజ్ఞత చెప్పే మెయిల్లో ఏమీ అడగకు. రిజల్ట్ ఎప్పుడొస్తుంది, జీతం ఎంతిస్తారు, నా గురించి కాస్త ఆలోచించండి, ఇవేవీ వద్దు. ఇంటి పరిస్థితులు అసలే వద్దు. నాన్నగారి ఆరోగ్యం బాగాలేదని, చెల్లెలి చదువు తన మీదే ఉందని రాసిన పిల్లల మెయిల్స్ నేను చదివాను. చదివిన ప్రతిసారీ మనసు కలుక్కుమనేది, కానీ దాన్నిబట్టి మార్కులు మార్చడానికి వీల్లేదు. వాళ్లు బాగా చేసిన ఇంటర్వ్యూ కాస్తా ఆ బాధ కిందపడి కనిపించకుండా పోయేది. థాంక్స్ చెప్పి అదే నోటితో ఒక కోరిక కోరితే, ముందు చెప్పిన థాంక్స్ దానికోసమే అన్నట్టు అయిపోతుంది. నువ్వు కాకా పట్టడం అన్నావే, అది ఇక్కడ మొదలవుతుంది. ఏమీ అడగని మెయిల్‌ని ఎవరూ అలా అనుకోరు.

రెండోది, ఆ గదిలో కూర్చున్న మనిషి తప్ప ఇంకెవరూ రాయలేని వాక్యం ఒక్కటైనా అందులో ఉండాలి. "మీ విలువైన సమయాన్ని కేటాయించినందుకు ధన్యవాదాలు, మీ సంస్థలో పనిచేయడానికి ఎంతో ఉత్సాహంగా ఉన్నాను" అని ఎవరైనా రాయగలరు, ఇంటర్వ్యూకే రానివాడు కూడా రాయగలడు. ఇప్పుడు చాట్‌జీపీటీని అడిగితే అలాంటివి క్షణంలో పది రాసిస్తుంది, చదివేవాళ్లు ఆ వరస మొదటి లైన్లోనే గుర్తుపడతారు. స్పెల్లింగులూ గ్రామరూ దిద్దించుకోవడానికి దాన్ని వాడుకో, తప్పులేదు. విషయం మాత్రం నీదే కావాలి.

ఆ వాక్యం దొరకాలంటే ఇంటర్వ్యూ నుంచి బయటపడగానే పని మొదలుపెట్టాలి. గురువారం నీ ఇంటర్వ్యూ అయ్యాక బెళ్లందూరు నుంచి మారతహళ్లి వెళ్లేటప్పుడు అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో నీకు కావలసినంత టైం ఉంటుంది. రీల్స్ తెరవకుండా ఫోన్లో నోట్స్ తెరువు. ఎవరెవరు మాట్లాడారు, ఏమడిగారు, నువ్వేం చెప్పావు, ఎక్కడ ఆగావు, వాళ్లు తమ టీమ్ గురించి ఏం చెప్పారు, తోచింది తోచినట్టు రాసుకో. రాత్రికి ఇవే విషయాలు సగం కలగాపులగమైపోతాయి, ముఖ్యంగా ఒకేరోజు మూడు రౌండ్లు జరిగితే.

ఒక ఉదాహరణ చెబుతాను. నీది డేటా పని కాబట్టి అందులోంచే తీసుకుంటున్నాను. ఒక క్వెరీ (డేటాబేస్‌ని సమాచారం అడిగే ఆదేశం) నెమ్మదిగా నడుస్తోంది, ఏం చేస్తావని అడిగారనుకో. ఆర్డర్ తేదీ కాలమ్ మీద ఇండెక్స్ (పుస్తకం చివర ఉండే సూచిక లాంటిది) వేస్తానన్నావు. ఇంటికొచ్చి చూసుకుంటే ఆ క్వెరీలో తేదీ మీద ఇయర్ ఫంక్షన్ (తేదీలోంచి ఏడాదిని మాత్రం తీసేది) ఉందని గుర్తొచ్చింది. కాలమ్‌ని అలా ఫంక్షన్‌లో చుట్టేస్తే మామూలు ఇండెక్స్ ఉన్నా డేటాబేస్ దాన్ని సరిగ్గా వాడుకోలేదు. ఫలానా ఏడాది జనవరి 1 నుంచి ఆ తర్వాతి ఏడాది జనవరి 1 లోపు అని తేదీల మధ్య కండిషన్‌గా రాస్తే వాడుకుంటుంది. అప్పుడు నువ్వు ఇంగ్లీషులో రాసే మెయిల్ ఈ ధోరణిలో ఉంటే చాలు:

"కిరణ్ గారూ, ఈరోజు నాతో మాట్లాడినందుకు థాంక్స్. మీ టీమ్ రాత్రిపూట రిపోర్టులు ఎలా నడుపుతుందో మీరు బోర్డు మీద గీసి చూపించాక ఈ ఉద్యోగంలో పని ఎలా ఉంటుందో నాకు స్పష్టంగా తెలిసింది. స్లో క్వెరీ ప్రశ్నకు ఇండెక్స్ వేస్తే చాలన్నాను. తేదీ మీద ఫంక్షన్ ఉన్నందువల్ల ఆ ఇండెక్స్ పనికిరాదని, కండిషన్‌ని రేంజ్‌గా మార్చాలని ఇంటికొచ్చాక గమనించాను. మీరిచ్చిన హింట్ అటువైపే అని ఇప్పుడు అర్థమైంది."

ఆ కిందే నీ పేరు పెట్టు. చూడు, ఇందులో పొగడ్త లేదు, కోరిక లేదు. వాళ్లు చెప్పింది నీ చెవికెక్కిందని, ఇంటికెళ్లాక కూడా దాని గురించి ఆలోచించావని వాళ్లకు తెలుస్తుంది. చేసిన పొరపాటు దిద్దుకున్నవాళ్లంటే నాకు ప్రత్యేకమైన గౌరవం, ప్యానెల్‌లో చాలామందికి కూడా అంతే. అయితే ఒక్క జవాబే దిద్దాలి. నాలుగు ప్రశ్నలకూ మళ్లీ జవాబులు రాసి రెండు పేజీలు పంపితే చదవరు. దిద్దేది ఏమీ లేకపోతే లేనిది పుట్టించొద్దు, బోర్డు మీద గీసిన సంగతి ఒక్కటి చాలు.

పేర్ల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. ఇది బెంగళూరు, నీ ప్యానెల్‌లో కన్నడిగులు, తమిళులు, మలయాళీలు, ఉత్తరాదివాళ్లు అందరూ ఉంటారు. మనలాగా ఇంటిపేరు అందరికీ ఉండదు. తమిళుల్లో పేరు పక్కన ఉండేది చాలాసార్లు నాన్నగారి పేరు. మిస్టర్ అని దాన్ని పట్టుకుని రాస్తే వాళ్ల నాన్నని పిలిచినట్టు అవుతుంది. కన్నడిగులు చాలామంది ఇనిషియల్స్‌ని పేరు తర్వాత రాస్తారు, ఆ అక్షరాలను ఇంటిపేరు అనుకోకు. కిరణ్, సుమన్ లాంటి పేర్లు ఆడవాళ్లకూ ఉంటాయి, మగవాళ్లకూ ఉంటాయి. అందుకే సార్, మేడమ్ జోలికి పోకుండా అసలు పేరుతోనే రాయి. ఐటీ ఆఫీసుల్లో మేనేజర్లని కూడా పేరుపెట్టే పిలుస్తారు, అది అమర్యాద కాదు. స్పెల్లింగ్ మాత్రం ఇన్విటేషన్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. లక్ష్మి చివర వై ఉందో ఐ ఉందో చూసుకోవడానికి అరనిమిషం పడుతుంది. తప్పు రాస్తే ఆ మనిషి మెయిల్లో ముందు చూసేది అదే.

ఎవరెవరికి పంపాలంటే, రిక్రూటర్‌కి తప్పకుండా. టైం కుదర్చడం, లింకులు పంపడం, ఒకరు రాకపోతే ఇంకొకరిని వెతకడం ఆవిడ పనే, ఆవిడకి థాంక్స్ చెప్పేవాళ్లే తక్కువ. ఇంటర్వ్యూ చేసినవాళ్ల మెయిల్ ఐడీలు క్యాలెండర్ ఇన్విటేషన్‌లో కనిపిస్తే వాళ్లకు విడివిడిగా రాయి. పెళ్లి శుభలేఖల్లా పేరు మార్చి అందరికీ ఒకటే పంపొద్దు, వాళ్లు పక్కపక్కనే కూర్చుంటారు. ఐడీలు కనిపించకపోతే రిక్రూటర్ మెయిల్లోనే వాళ్లకి నా థాంక్స్ చెప్పండని ఒక వాక్యం చేర్చు. ఐడీ ఊహించి పంపడం, నంబర్ సంపాదించి వాట్సాప్ చెయ్యడం వద్దు. ఆడపిల్లగా నీకు తెలియనివాడు అలా నంబర్ పట్టుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించు. కన్సల్టెన్సీవాళ్లు మొదటినుంచీ వాట్సాప్‌లోనే మాట్లాడుతుంటే వాళ్లకి అక్కడే రెండు లైన్లు పెట్టు. ముందుగా టైం తీసుకోకుండా నేరుగా వెళ్లే శనివారం వాకిన్‌లకి ఇదేమీ అక్కర్లేదు.

పంపడం అదే రోజు సాయంత్రం గానీ మర్నాడు పొద్దున గానీ. అర్ధరాత్రి రాసుకుంటే రాసుకో, కానీ జీమెయిల్లో సెండ్ పక్కనున్న చిన్న బాణం నొక్కితే షెడ్యూల్ చేసుకోవచ్చు, పొద్దున తొమ్మిదిన్నరకి పెట్టుకో. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, పంపిన మెయిల్‌ని వెనక్కి తీసుకునే అన్‌డూ సెండ్ గడువుని 30 సెకన్లకి మార్చి ఉంచుకో. తప్పు కనబడేది ఎప్పుడూ పంపిన మరుక్షణమే. రిక్రూటర్‌కి రాసేటప్పుడు కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా ఇంటర్వ్యూ గురించి ఆవిడ పంపిన మెయిల్‌కే రిప్లై ఇవ్వు, ఏ ఉద్యోగం ఏ అమ్మాయి అని వెతుక్కునే పని ఉండదు.

రిజల్ట్ గురించి అడగడం వేరే మెయిల్. వాళ్లు ఒక తేదీ చెప్పి ఉంటే అది దాటాక, చెప్పకపోతే వారం పదిరోజులు ఆగి, ఒక్కసారి అడుగు. రోజు విడిచి రోజు అడిగితే విసుగే మిగులుతుంది.

నీ రెజ్యూమెని రిఫరల్ కింద పెట్టిన మీ సీనియర్ సంగతి మరచిపోకు. మనం బయటివాళ్లకి థాంక్స్ చెప్పినంత తేలిగ్గా మనవాళ్లకి చెప్పం, తెలిసినవాడేగా అని ఊరుకుంటాం. ఆ అబ్బాయి తన కంపెనీలో నీకోసం తన పేరు వాడాడు. గురువారం రాత్రి అతనికి మెసేజ్ కాదు, ఫోన్ చెయ్యి. ఇంటర్వ్యూ ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పు. రిజల్ట్ వచ్చిన రోజు, అది ఏదైనా సరే, ముందుగా అతనికి తెలియాలి. లోపలి పోర్టల్లో చూసి అతనే నీకు ఫోన్ చేసేదాకా ఆగకు.

ఒకవేళ వద్దన్నారనుకో, దానికీ రిప్లై ఇవ్వు. చాలామంది ఇవ్వరు. తెలియజేసినందుకు థాంక్స్, మీతో మాట్లాడి ఫలానాది నేర్చుకున్నాను, ముందు ముందు ఖాళీలుంటే చెప్పండి. ఇక్కడ మాత్రం అడగొచ్చు, ఎందుకంటే ఆ తలుపు మూశాక అడిగే మాట ఒత్తిడి కాదు. ఎందుకు తీసుకోలేదని మాత్రం వాదనకు దిగొద్దు. కోపంగా ఉంటే ఆ రోజు ఊరుకుని మర్నాడు రాయి.

గురువారం డ్రాఫ్ట్ రాశాక నాకు పంపు. పేర్లూ స్పెల్లింగులూ చూస్తాను, మీ పెద్దనాన్న కూడా ఇంగ్లీషు ఒకసారి చూస్తానన్నారు. వాక్యాలు మాత్రం నీవే ఉంటాయి, మేం మార్చం. ఆదివారం ఖాళీ అయితే జయనగర్ వచ్చెయ్, భోజనం ఇక్కడే.

ప్రేమతో,
పెద్దమ్మ