ఐసీయూలో యాంటీబయాటిక్ డోసు ఒక్కొక్కరికి ఒక్కోలా ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. యూరిన్ ఇన్ఫెక్షన్ ముదిరి, అవయవాలను దెబ్బతీసే సెప్సిస్‌తో ఐసీయూలో ఉన్నారు. చేరేసరికి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష; కిడ్నీలు మందగిస్తే పెరుగుతుంది) 2.4. అయినా మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఎనిమిది గంటలకో గ్రాము చొప్పున పూర్తి డోసే ఇచ్చారు. మూడో రోజు 12 గంటలకోసారి చేశారు. ఒక్కో డోసూ పంపు మీద మూడు గంటలు ఎక్కిస్తున్నారు. పక్క బెడ్‌లోని పాతికేళ్ల యాక్సిడెంట్ కేసుకు మాత్రం రెండేసి గ్రాములు. ఈ తేడా ఎందుకు?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మొదట్లో డోసు తగ్గించకపోవడం మంచి పనేనమ్మా. సెప్సిస్‌లో రక్తనాళాల్లోని నీరు ఒంట్లోకి ఊరిపోతుంది. దానికి తోడు బీపీ నిలబెట్టడానికి మొదటి మూడు గంటల్లో కిలో బరువుకు 30 మిల్లీలీటర్ల లెక్కన, అంటే 70 కిలోల మనిషికి రెండు లీటర్లకు పైనే, సెలైన్ ఎక్కిస్తారు. ఆ నీటిలో మెరోపెనెమ్ పలచబడుతుంది. మందు ఎంత త్వరగా బయటికి పోవాలన్నదే కిడ్నీల పని. తొలి డోసుతో రక్తంలో ఎంత చేరుతుందన్నది వాటి చేతిలో లేదు. క్రియాటినిన్ చూసి మొదటి రోజే కోత పెడితే, అసలు గండం గడవాల్సిన గంటల్లోనే మందు చాలదు. పైగా సెప్సిస్‌తో దెబ్బతిన్న కిడ్నీలు చాలామందిలో రెండు రోజుల్లోనే తేరుకుంటాయి. తేరుకోకపోతే అప్పుడు తగ్గిస్తారు. మీ నాన్నగారికి చేసింది అదే అయ్యుంటుంది.

ఇక పంపు సంగతి. ఈ మందు రక్తంలో ఎంత ఎత్తుకు చేరిందన్నదానికంటే, క్రిమిని ఆపే స్థాయికి పైన ఎంతసేపు నిలిచిందన్నదే ముఖ్యం. కిడ్నీలు బాగున్నవారిలో గంటకల్లా సగం పోతుంది. అందుకే నెమ్మదిగా ఎక్కిస్తారు. తొలి డోసు మాత్రం అరగంటలో వెళ్లిపోవాలి, దాన్నీ పంపుకెక్కిస్తే మందు పనిచేయడం ఆలస్యమవుతుంది. తరచూ జరిగే పొరపాటు ఇంకొకటుంది: బ్యాగు ఖాళీ అయినా ట్యూబులో 15-20 మిల్లీలీటర్ల మందు మిగులుతుంది. 100 మిల్లీలీటర్ల బ్యాగైతే దాదాపు ఐదో వంతు! చివర్లో కొంచెం సెలైన్ వదిలి దాన్ని లోపలికి పంపాలి.

పక్క బెడ్ కుర్రవాడిది దీనికి తలకిందులు. పెద్ద గాయాలైన యువకుల్లో కిడ్నీలు మామూలుకంటే జోరుగా పనిచేసి మందును తోసేస్తాయి. క్రియాటినిన్ నార్మల్‌గానే కనిపిస్తుంది కాబట్టి ఇది ఇట్టే కళ్లుగప్పుతుంది. ఎనిమిది గంటల యూరిన్ పట్టి క్లియరెన్స్ (కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయన్నది) లెక్కిస్తే తెలుస్తుంది. నిమిషానికి 130 మిల్లీలీటర్లు దాటితే మామూలు డోసు చాలకపోవచ్చు.

మీరు డాక్టరుగారిని రోజూ అడగదగినవి రెండు: ఇవాళ యూరిన్ ఎంత వచ్చింది, కల్చర్ రిపోర్టు (ఏ క్రిమి, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పేది) వచ్చాక మందు మార్చాలా? నాన్నగారు ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్ వాడుతుంటే మాత్రం ఇప్పుడే చెప్పండి. మెరోపెనెమ్ దాని స్థాయిని బాగా పడగొడుతుంది, ఫిట్స్ మళ్లీ రావచ్చు.