మొక్కల ముచ్చట్లు: కాక్టస్‌కు కుండీ మార్చేదెప్పుడు?

ప్రశ్న: నర్సరీలో కొన్న గుండ్రటి కాక్టస్ మూడేళ్లుగా అదే ప్లాస్టిక్ కుండీలో ఉంది. నీళ్లు పోస్తే లోపలికి ఇంకకుండా పక్కలనుంచి జారిపోతున్నాయి. కుండీ మార్చాలా? ఎంత పెద్దది కొనాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మార్చాల్సిందే. నర్సరీల్లో వీటిని ఎక్కువగా కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పీచు పొట్టులో పెంచుతారు. అది ఒకసారి పూర్తిగా ఎండితే ముడుచుకుని బిళ్లలా గట్టిపడుతుంది, ఆ తర్వాత తేలిగ్గా నీళ్లు పీల్చదు. పోసిన నీళ్లన్నీ గోడ పక్క సందులోంచి కిందికి పోతాయి, నడిమి వేళ్లకు చుక్క అందదు. వానాకాలంలో తడిసిందంటే మాత్రం రోజుల తరబడి ఆరదు. అడుగు చిల్లుల్లోంచి వేళ్లు బయటికొచ్చినా, మొక్క కుండీ అంచును తాకినా మార్చే వేళయినట్టే. ఈ గుర్తులేవీ లేకపోయినా చిన్న మొక్కకు రెండేళ్లకోసారి, పెద్దదానికి మూడు నాలుగేళ్లకోసారి మట్టి మార్చడం మంచిది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, ఆ రోజులే దీనికి అనువు. ఫిబ్రవరి చివరినుంచి మార్చి నెలంతా మార్చుకోవచ్చు. అప్పుడు కొత్త వేళ్లు పుట్టే ఊపులో ఉంటాయి. మే ఎండల్లో చాలా రకాలు ఎదుగుదల ఆపేస్తాయి, వానాకాలంలో వేళ్ల గాయాలు ఆరవు. తెలంగాణలో అక్టోబరు చివర కూడా ఫర్వాలేదు. మీ కోస్తాలో అవి తుపాను రోజులు కాబట్టి వద్దు. మొగ్గలుంటే పూలు రాలిందాకా ఆగండి.

కొత్త కుండీ మూతి మొక్క వెడల్పుకన్నా రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువుంటే చాలు. 10 సెంటీమీటర్ల మొక్కకు 12, 13 సెంటీమీటర్లది సరిపోతుంది. ఎలాగూ పెరుగుతుంది కదా అని పెద్ద కుండీ కొనడమే చాలామంది చేసే పొరపాటు. వేళ్లు చేరని చోట మట్టి తడిగానే ఉండిపోతుంది, కుళ్లు అక్కడే మొదలవుతుంది. మట్టి కుండీ అయితే గోడలోంచి కూడా ఆరుతుంది.

మట్టి మిశ్రమానికి ముతక ఇసుక రెండు పాళ్లు, ఎర్రమట్టి ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు ఒక పాలు తీసుకోండి. కోస్తా ఉక్కకు బఠాణీ గింజంత ఇటుక ముక్కలు ఇంకో పాలు కలపండి. ఇసుకను జల్లెడ పట్టి, జల్లెడ మీద మిగిలిన పలుకులే వాడాలి. కిందికి దిగిన సన్నది సందుల్ని పూడ్చేస్తుంది. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, నల్లరేగడి నీళ్లు వదలదు, ఆ రెండూ పనికిరావు. కలిపిన మట్టిని కాస్త తడిపి పిడికిట నొక్కి తెరవండి. పొడిపొడిగా విడిపోతే సరిగ్గా కుదిరినట్టు. ముద్దలా నిలిస్తే ఇంకా ఇసుక పడాలి. అడుగున గులకరాళ్ల పొర అక్కర్లేదు. నీళ్లు ఆ పొర పైనున్న మట్టిలోనే ఆగిపోతాయి. చిల్లు మీద ఒక పెంకు ముక్క చాలు.

మార్చడానికి వారం ముందునుంచి నీళ్లు ఆపండి. వేళ్లు ఎండుగా ఉంటే పాత మట్టి సులువుగా రాలుతుంది. పేపరును పట్టీలా నాలుగైదు మడతలు పెట్టి మొక్క నడుముకు చుట్టి రెండు కొసలూ పట్టుకోండి. నాగజెముడు జాతి నూగుముళ్లు చర్మంలో దిగితే రుద్దకుండా సెలోటేపు అంటించి లాగండి. కుండీ పక్కలు నొక్కి, అడుగు చిల్లులోంచి పెన్సిల్‌తో తోస్తే మొక్క బయటికొస్తుంది. పాత కోకోపీట్‌ను పుల్లతో కొద్దికొద్దిగా రాల్చండి. వేలితో లాగితే పైతొక్క ఊడి లోపల దారంలా మిగిలే వేళ్లు చచ్చినవి, కత్తిరించేయండి. తర్వాత నీడలో, గాలి ఆడేచోట మూడు రోజులు ఆరబెట్టండి. లావు వేరు తెగితే వారం.

నాటేటప్పుడు ఇంతకుముందు ఎంత లోతున ఉందో అంతే ఉండాలి. ఆకుపచ్చ కాండాన్ని మట్టిలో కప్పకండి. వేలితో అదమకుండా కుండీని నేలమీద మెల్లగా తట్టితే మట్టి సర్దుకుంటుంది.

ఇక నీళ్ల సంగతి. ఏ మొక్కనైనా నాటగానే నీళ్లు పోయడం మనకు అలవాటు. కాక్టస్‌కు అదే ప్రాణం మీదికి తెస్తుంది. ఎంత జాగ్రత్తగా మార్చినా సన్నవేళ్లు తెగుతాయి, ఆ గాయాలు మూసుకోకముందే తడి తగిలితే బూజు లోపలికి దిగుతుంది. వారం రోజులు చుక్క కూడా పోయకండి. ఆ తర్వాత మాత్రం అడుగునుంచి కారేదాకా నిండుగా పోసి, మట్టి పూర్తిగా ఎండాకే మళ్లీ పోయండి. మొదటి రెండు వారాలు నేరుగా ఎండ తగలనివ్వకండి.

ప్రశ్న: కుండీ మారుద్దామని తీస్తే వేళ్ల చుట్టూ తెల్లటి దూదిలాంటిది కనిపించింది. ఏమిటది?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: గోటితో నలిపి చూడండి. కరకరలాడితే బోరునీళ్ల సున్నం, భయం లేదు. మైనంలా జిగటగా పూసుకుపోతే వేళ్ల రసం పీల్చే పురుగు, వేరు పిండినల్లి. అలాంటి మట్టిని కవర్లో మూటగట్టి పారేయండి, వేరే కుండీలో కలపకండి. వేళ్లను పారే నీళ్ల కింద మెత్తని బ్రష్‌తో కడగండి. ఎక్కువ పట్టిన వేళ్లు కోసేసి, మిగిలినచోట 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూదితో అద్దండి. వేళ్లు తడిశాయి కాబట్టి వారం పైగా ఆరనివ్వాలి. పాత కుండీ మళ్లీ వాడితే మరిగే నీళ్లతో కడగండి. మట్టిదైతేనే సుమా, ప్లాస్టిక్‌ది వంకరపోతుంది. ఈ మొక్కను నెలరోజులు విడిగా ఉంచండి.

ప్రశ్న: కాక్టస్ కాండం మొదలు దగ్గర గోధుమరంగు వచ్చింది. కుళ్లినట్టేనా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అగ్గిపుల్ల వెనకవైపుతో నొక్కండి. గట్టిగా, ఎండు బెరడులా ఉంటే వయసుతో వచ్చే మార్పు, వదిలేయండి. మెత్తగా దిగబడితే కుళ్లే. అప్పుడు కుండీ మార్చినంతమాత్రాన ఆగదు. స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో కిందినుంచి పలచటి చక్రాలుగా కోస్తూ పైకి రండి, ప్రతి కోతకూ బ్లేడు తుడవాలి. కోసిన ముఖాన ఆవగింజంత ఎర్రటి చుక్క ఉన్నా ఇంకో చక్రం కోయాల్సిందే, ఆ చుక్కే మళ్లీ పైకి పాకుతుంది. శుభ్రమైన భాగం దొరికాక రెండు వారాలు ఆరబెట్టి, పొడి ఇసుక మీద నిలబెట్టండి. వేళ్లు కనిపించేదాకా నీళ్లు వద్దు.

ప్రశ్న: మా బ్రహ్మకమలానికీ ఇదే మట్టి వాడొచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మన ఇళ్లలో రాత్రిపూట పూసే బ్రహ్మకమలం కాక్టస్ కుటుంబానిదే, ఎపిఫిల్లం ఆక్సీపెటలం. హిమాలయాల్లోని అసలు బ్రహ్మకమలానికీ దీనికీ చుట్టరికం లేదు. ఆకుల్లా కనిపించేవి నిజానికి కాండాలు. ఇది ఎడారిది కాదు, మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్లమీద పెరిగేది. అందుకే ఇసుక తగ్గించి, ఆకు ఎరువు, ముతక ఇసుక, కొబ్బరి డొప్ప పీచు ముక్కలు (చిప్స్) సమపాళ్లలో కలపండి. కుండీ కాస్త ఇరుకుగా ఉంటేనే బాగా పూస్తుంది కాబట్టి తొందరపడి మార్చకండి. మారిస్తే పూతంతా అయ్యాకే. ఊతకర్ర కూడా నాటేటప్పుడే పెట్టేయండి, తర్వాత గుచ్చితే వేళ్లు తెగుతాయి.