పాఠకుల ప్రశ్నలు: ఇంజిన్ మార్చిన పాత లారీకి థర్మోస్టాట్, టెంపరేచర్ సెండర్

ప్రశ్న: మా పాత టాటా లారీకి 697 ఇంజిన్ తీయించి సెకండ్‌హ్యాండ్ కమ్మిన్స్ 6బీటీ పెట్టించాం. సాలూరు నుంచి సుంకి ఘాటు మీదుగా కొరాపుట్‌కి సిమెంటు లోడు వేస్తాం. మెకానిక్ థర్మోస్టాట్ తీసి పక్కన పడేశాడు. మన ఎండలకి అది ఉంటేనే బండి వేడెక్కుతుందట. నిజమేనా? పెట్టాలంటే ఎన్ని డిగ్రీలది కొనాలి?
(ఒక లారీ యజమాని, రాయగడ)

జవాబు: నిజం కాదండీ, తప్పకుండా పెట్టించండి. థర్మోస్టాట్ అంటే నీరు వేడెక్కాక తెరుచుకునే కవాటం, ఈ ఇంజిన్‌లో దానికి రెండు పనులు. తెరుచుకున్నప్పుడు నీటిని రేడియేటర్‌కి పంపుతుంది, అదే సమయంలో పంపుకి తిరిగి వెళ్లే బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నీరు సులువైన దారినే పోతుంది కాబట్టి వేడి నీటిలో చాలా భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి వస్తుంది. ఘాటులో లోడుతో రెండో గేరులో ఎక్కేటప్పుడు బండి ఉడికిపోయేది అందుకే. డిసెంబరు తెల్లవారుజామున కొరాపుట్‌లో ఇంకో నష్టం: ఇంజిన్ సరిగా వేడెక్కక, కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పలచబడి సిలిండర్లు, రింగులు త్వరగా అరుగుతాయి.

డిగ్రీల విషయంలో లారీని కాదు, ఇంజిన్‌ని చూసి కొనాలి. పాత 697ది వ్యాసం సరిపోయినా పెట్టకండి, బైపాస్ మూసే పళ్లెం ఎత్తు తేడా రావచ్చు. 6బీటీకి 83 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై 95 దగ్గర పూర్తిగా తెరుచుకునేది సరైనది. చల్లగా ఉంటుందని 71 డిగ్రీలది అడగకండి. పూర్తిగా తెరుచుకున్నాక ఏదైనా ఒకటే, అక్కడి నుంచి చల్లబరిచే పని రేడియేటర్‌ది, ఫ్యాన్‌ది.

కొత్తదైనా సరే పరీక్షించాకే బిగించండి. గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ని దారంతో వేలాడదీయండి. అది అడుగుకి తగలకూడదు. పక్కనే 110 డిగ్రీల దాకా చూపే గాజు థర్మామీటరు పెట్టండి, జ్వరం చూసేది పనికిరాదు. సన్నని మంట మీద నీళ్లు కలుపుతూ ఉండండి. 83కి రెండు డిగ్రీలు అటూ ఇటూగా కదలడం మొదలవ్వాలి, 95 దగ్గర మామూలుగా 8 మిల్లీమీటర్లు లేదా ఆపైన లేవాలి, చల్లారాక పూర్తిగా మూసుకోవాలి. దాదాపు 900 మీటర్ల ఎత్తున్న కొరాపుట్‌లో నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. అక్కడ 88 డిగ్రీల రకాన్ని పరీక్షిస్తే పూర్తిగా తెరుచుకోకుండానే నీళ్లు మరిగిపోతాయి, దాన్ని చెడిపోయిందనుకోకండి.

అదే కారణంగా రేడియేటర్ మూత కూడా ముఖ్యం. 0.5 బార్ ఒత్తిడి మూత సరిగా పట్టుకుంటే కొరాపుట్‌లో మరుగు స్థానం సుమారు 109కి పెరుగుతుంది. దాని రబ్బరు పోతే మళ్లీ 97కే. అలాగని పాత రేడియేటర్‌కి ఎక్కువ బార్ల మూత వేస్తే టాంకు అతుకులు విడిపోతాయి.

ప్రశ్న: ఇంజిన్ మార్చినా డ్యాష్‌బోర్డులో పాత మీటరే ఉంది. ఇంజిన్‌తో వచ్చిన సెండర్‌కి (నీటి వేడిని పసిగట్టి మీటరుకి చెప్పే భాగానికి) తీగ కలిపితే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే ముల్లు సగం దాటుతోంది. ఏది మార్చాలి?
(ఒక డ్రైవరు, జయపురం)

జవాబు: రెండూ బాగానే ఉండొచ్చు, జత కుదరలేదంతే. వేడి పెరిగేకొద్దీ సెండర్ రెసిస్టెన్స్ (కరెంటుకి అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు) తగ్గుతుంది, మీటరు చూసేది ఆ ఓమ్‌లనే. ఉదాహరణకి బాగా వాడుకలో ఉన్న వీడీవో కంపెనీ సెండర్ రకం ఒకటి 40 డిగ్రీల దగ్గర సుమారు 290 ఓమ్‌లు, 80 దగ్గర 70, 100 దగ్గర 38 చూపుతుంది. ఇంకో రకానివి వేరే అంకెలు.

పాత ఇంజిన్ ఇంకా షెడ్డులోనే ఉంటే దాని సెండర్ విప్పి తెచ్చుకోండి, పాత మీటరుకి అదే జత. పైన చెప్పిన గిన్నెలోనే దాని కొసను ముంచి, మల్టీమీటరు ఒక తీగ టెర్మినల్‌కి, ఇంకొకటి లోహపు ఒంటికి పెట్టి 40, 60, 80, 90 దగ్గర అంకెలు రాసుకోండి. కొత్త ఇంజిన్ సెండర్‌కీ అలాగే చేస్తే తేడా కళ్లకే కనబడుతుంది. పాతది దొరక్కపోతే మీటరు, సెండర్ ఒకే కంపెనీ సెట్టుగా కొనండి. బ్యాటరీ 12 వోల్టులా 24 వోల్టులా అన్నది చెప్పి మరీ కొనండి.

మర గురించి జాగ్రత్త. ఎం14×1.5 (14 మిల్లీమీటర్ల మెట్రిక్ మర) సెండర్‌ని పైపు మర ఉన్న రంధ్రంలో బలవంతంగా తిప్పితే హెడ్డు మర పాడవుతుంది. పైపు మరల్లోనూ రెండు రకాలు: 1/8 అంగుళం బీఎస్‌పీకి అంగుళానికి 28 పళ్లు, ఎన్‌పీటీకి 27. ఒకదాన్ని ఇంకోదాంట్లో తిప్పితే రెండు మూడు చుట్లు సాఫీగా వెళ్లి పట్టేస్తాయి, ఆ బిగుతు చూసి సరిగానే కూర్చుందనుకుంటారు. ఇత్తడి అడాప్టర్ వేయొచ్చు. కానీ అది పొడవైతే సెండర్ కొస నీళ్ల ప్రవాహంలోకి దిగక తక్కువ చూపిస్తుంది. ఒంటి తీగ సెండర్‌కి ఎర్త్ ఇంజిన్ ఒంటి నుంచే అందుతుంది కనుక టెఫ్లాన్ టేపు మందంగా చుట్టకండి, రాగి వాషరు చాలు. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి మందపు ఎర్త్ తీగ కూడా ఉండాలి.

రెండు టెర్మినళ్లున్న సెండర్‌లో జీ అన్నది మీటరుకి, డబ్ల్యూకే అన్నది హెచ్చరిక దీపానికి.

ప్రశ్న: సెండర్‌ని రేడియేటర్ పై గొట్టంలో పెట్టొచ్చా?
(ఒక మెకానిక్, పర్లాకిమిడి)

జవాబు: వద్దండీ. థర్మోస్టాట్ తెరుచుకోక ఇరుక్కుపోతే అక్కడికి వేడి నీరు రాదు. లోపల హెడ్డు ఉడుకుతున్నా ముల్లు చల్లగానే ఉంటుంది. పైగా రబ్బరు గొట్టంలో ఎర్త్ కూడా అందదు. థర్మోస్టాట్‌కి ఇంజిన్ వైపునే, హెడ్డు నీళ్లలో కొస మునిగేలా పెట్టండి. నీళ్లు నింపేటప్పుడు సెండర్‌ని రెండు చుట్లు వదులు చేసి, బుడగలు ఆగి నీరు ధారగా వచ్చాక బిగించండి. గాలి చిక్కితే ముల్లు ఊగుతూనే ఉంటుంది.