రెపో రేటు తగ్గినా నా హోమ్‌లోన్ ఈఎంఐ ఎందుకు తగ్గలేదు? బ్యాంకు మోసం చేస్తోందా?

మోసం కాదండి. మోసమైతే బాగుండేది, ఎవరిమీదో ఒకరిమీద కంప్లైంటు పెట్టి చేతులు దులుపుకునేవాళ్ళం.

2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా రిజర్వు బ్యాంకు రెపోను, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.50 శాతం నుంచి 5.25కి దించింది, నా ఈఎంఐ ఒక్క రూపాయి కదల్లేదు అన్నారు మీరు. సరే, ఈఎంఐ సంగతి పక్కనబెట్టి, యాప్ తెరిచి ‘మిగిలిన నెలలు’ అన్న చోట చూడండి. చాలా బ్యాంకులు రేటు మారితే ఈఎంఐ జోలికి పోవు, నెలల్ని సాగదీస్తాయి లేదా కుదిస్తాయి. మీకు నెలలు తగ్గే ఉంటాయి. అవి కూడా తగ్గకపోతే అప్పుడు మాట్లాడుకుందాం. తగ్గేటప్పుడు ఇది మంచిదే. పెరిగేటప్పుడు ఏం జరుగుతుందో మాత్రం నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం.

మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. నేను బెంగళూరు వచ్చి పదమూడేళ్ళయింది. 2021 అక్టోబరులో కె.ఆర్.పురం అవతల ఫ్లాటు కొన్నా. అరవై లక్షల లోను, ఇరవై ఏళ్ళు, 6.75 శాతం, ఈఎంఐ 45,622. అప్పట్లో రెపో 4 శాతం. హోమ్‌లోన్లు అంత చవగ్గా దొరికిన రోజులు నా ఎరుకలో లేవు. లోను ఇప్పించిన కుర్రాడిది కడప వైపు. బ్యాంకు ఉద్యోగి కాదు, డీఎస్ఏ, అంటే లోను ఇప్పించి బ్యాంకు దగ్గర కమిషన్ తీసుకునే ఏజెంటు. ‘అన్నా, మన తెలుగోళ్ళం, మీకు మంచి రేటు ఇప్పిస్తా’ అని ఇంటికొచ్చి, మా ఆవిడ పెట్టిన పెసరట్టు తిని, నలభై చోట్ల సంతకాలు పెట్టించాడు. అందులో ఒకటి లోన్ ఇన్సూరెన్సుదని నాకు తర్వాత తెలిసింది. ‘తప్పనిసరా?’ అనడిగితే ‘అదుంటే ఫైలు త్వరగా కదులుద్దన్నా’ అన్నాడు. తప్పనిసరి కానేకాదు. అతను అబద్ధం చెప్పలేదు, నేనడిగిన ప్రశ్నకి జవాబూ చెప్పలేదు. ఆ రోజు నేను అడగాల్సింది ‘స్ప్రెడ్ ఎంత’ అని, అంటే రెపో పైన బ్యాంకు తనకోసం కలుపుకునేది ఎంత అని. ఆ మాటే నాకు తెలియదు.

2022 మే 4, బుధవారం మధ్యాహ్నం రెండింటికి నేను మీటింగులో ఉన్నా. రిజర్వు బ్యాంకు గవర్నరు చెప్పాపెట్టకుండా వచ్చి రెపో 0.40 పెంచాడు. ఆ రోజు సెన్సెక్స్ 1,300 పాయింట్లకి పైగా పడింది. ఎల్‌ఐసీ ఐపీఓ మొదలైన రోజు కూడా అదే. నాన్న పొద్దున్నే దానికి అప్లై చేసి, ఆ హుషారులో నాకు ఫోన్ చేసి అరగంట మాట్లాడాడు. సాయంత్రం మళ్ళీ చేశాడు. ‘ఏరా, నా గిల్ట్ ఫండు పడిపోద్దంట గదా?’

గిల్ట్ ఫండంటే గవర్నమెంటు బాండ్లు కొనే ఫండు. ఒంగోల్లో ఒక బ్యాంకు కుర్రాడు ‘గవర్నమెంటు పేపరు సార్, రిస్కే లేదు’ అని రిటైరుమెంటు డబ్బులో ముక్క అందులో పెట్టించాడు. ఆ మాట సగం నిజం. గవర్నమెంటు డబ్బు ఎగ్గొట్టదు. కానీ బాండు ధర ఊగుతుంది. నాన్నకి దీన్ని కౌలు లెక్కలో చెప్పా. ‘నీ ఎకరం పదేళ్ళకి పదహారు బస్తాల కౌలుకి రాసిచ్చేశావ్ నాన్నా. మర్నాడు పక్క ఎకరం ఇరవై బస్తాలకి పోయింది. ఇప్పుడు నీ ఎకరం అమ్మబోతే, పాత కౌలు తగులుకుని ఉన్న పొలానికి పక్కోడికొచ్చిన ధర ఎవడిస్తాడు?’ బాండూ అంతే. ఏటా ఆరు రూపాయలిచ్చే పదేళ్ళ వంద రూపాయల బాండు చేతిలో ఉండగా బజారు వడ్డీ ఏడుకి పోతే, దాని ధర 93 రూపాయల దగ్గరికి దిగుతుంది. పదేళ్ళూ ఉంచుకుంటే వంద వెనక్కొస్తుంది. ఫండులో ఆ పదేళ్ళూ అయ్యేదాకా కూర్చునే వీల్లేదు, రోజూ బజారు ధర కట్టి చూపిస్తారు కాబట్టి మన గుండె రోజూ కొట్టుకుంటుంది. నాన్న జూన్‌లో నష్టానికి తీసేశాడు. ఉంచుకోమని చెప్పా. నా మాట వింటే ఆయన నాన్న ఎందుకవుతాడు.

సరే, నా కథ. రెపో ఆ తర్వాత 4.90, 5.40, 5.90, 6.25, 2023 ఫిబ్రవరికి 6.50. మా బ్యాంకు మూడు నెలలకోసారి రేటు సవరించేది. నా ఈఎంఐ మాత్రం చెక్కుచెదరకుండా 45,622. ఆఫీసులో కొందరు ‘అబ్బా, మాది పెరిగింది’ అని మొత్తుకుంటుంటే, నాది పెరగలేదని లోపల్లోపల గర్వపడ్డా. దీన్ని మించిన తెలివితక్కువతనం నా జీవితంలో లేదు.

2023 ఏప్రిల్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ కోసం వడ్డీ సర్టిఫికెట్ దించుకుంటూ, పనిలో పనిగా లోన్ స్టేట్‌మెంటు కూడా తెరిచా. ఆ నెల వరస ఇలా ఉంది. ఈఎంఐ 45,622. వడ్డీ 45,204. అసలు 418.

నాలుగొందల పద్దెనిమిది. మారతహళ్ళిలో ఆంధ్రా భోజనం, పైన ఒక ఫ్రై. నలభై ఐదు వేలు కట్టిన నెలలో నా ఇల్లు నాకు ఒక భోజనమంత సొంతమైంది. కళ్ళు నులుముకుని ఎక్సెల్ తెరిచి లెక్క వేశా. ఆ రేటు అలాగే ఉండి నేను ఆ ఈఎంఐయే కడుతూ పోతే అప్పు తీరడానికి 611 నెలలు. యాభై ఏళ్ళు దాటి. ఆ లెక్క వేసిన రోజుకి నాకు ముప్ఫైఎనిమిది. మొదటి స్టేట్‌మెంటులో అసలు కింద పదకొండు వేల ఎనిమిది వందలు పోయింది, అది గుర్తుంది. పదిహేడు నెలలు కట్టాక అప్పు అరవై లక్షల నుంచి 58,64,000 చిల్లరకి వచ్చింది. కట్టింది దాదాపు ఏడు లక్షల డెబ్భై ఐదు వేలు, తీరింది లక్షా ముప్ఫై ఆరు వేలు.

శనివారం సెలవో కాదో లెక్క చూసుకుని (రెండో, నాలుగో శనివారాల సంగతి నాకెప్పుడూ గుర్తుండదు) బ్రాంచికి వెళ్ళా. లోన్ల డెస్కు దగ్గర ఒక కన్నడాయన, పెద్దమనిషి. ‘కూత్కొళ్ళి సార్’ అని కుర్చీ చూపించాడు. విషయం చెప్పా. కంప్యూటర్ చూసి, ‘ఈఎంఐ పెరగలేదు కదా సార్, మరి ప్రాబ్లమ్ ఏంటి?’ అన్నాడు, తనకొచ్చిన తెలుగులో. నా ప్రింటవుట్ మీద 418 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి చూపించా. ఆయన అద్దాలు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. అప్పుడు మానిటర్‌ని నావైపు తిప్పాడు.

ఆ తిప్పడమే నాకు జ్ఞానోదయం. తెరమీద నా రేటు రెండు ముక్కలుగా ఉంది: రెపో 6.50, స్ప్రెడ్ 2.75. మొత్తం 9.25. ‘ఈరోజు కొత్తగా వచ్చే కస్టమర్‌కి ఎంత ఇస్తున్నారు?’ అనడిగా. కాసేపు ఆగి, గొంతు తగ్గించి ‘ఎయిట్ సెవెంటీఫైవ్’ అన్నాడు. అంటే స్ప్రెడ్ 2.25. అదే బ్యాంకు, అదే బ్రాంచి, అదే కుర్చీ. నిన్న మొన్న వచ్చినవాడికి అర శాతం తక్కువ, పదిహేడు నెలలు ఒక్క బౌన్స్ లేకుండా కట్టిన నాకు ఎక్కువ. ‘నాకు తగ్గించరా?’ అంటే ‘రిక్వెస్ట్ ఇవ్వండి సార్, ఫీజు ఉంటుంది’ అన్నాడు. జీఎస్టీతో కలిపి 5,900. తెల్లకాగితం మీద అక్కడే రాసిచ్చా. అర శాతం అంటే నా అప్పు మీద ఏడాదికి ఇరవై తొమ్మిది వేలు! ఈఎంఐ కూడా నేనే అడిగి పెంచించుకున్నా, మొదట రాసుకున్న కాలంలోనే తీరేలా. పాత రేటు మీద అయితే 55,157 కట్టాల్సింది, స్ప్రెడ్ తగ్గాక 53,300కి వచ్చింది. ఇంటికొస్తే మా ఆవిడ ‘ఈఎంఐ తగ్గించమని వెళ్ళి పెంచుకొచ్చావా?’ అంది. ఆ ప్రశ్నకి ఇప్పటికీ జవాబు చెబుతూనే ఉన్నా.

నా గొడవ అయిన నాలుగు నెలలకి, 2023 ఆగస్టు 18న, రిజర్వు బ్యాంకు అందరికీ కలిపి ఉత్తర్వు ఇచ్చింది: రేటు మార్చేటప్పుడు ఈఎంఐ పెంచాలా, కాలం పెంచాలా, రెండూనా అన్నది కస్టమర్‌ని అడగాలి, ఎంత మారుతుందో చెప్పాలి అని. నాకు ముందే వచ్చుంటే ఎర్ర పెన్ను ఖర్చు తప్పేది.

ఇప్పుడు మీ విషయం. మీరు రాయలేదు గానీ, మీది 2019 అక్టోబరు 1కి ముందు బ్యాంకులో తీసుకున్న లోనైతే అది రెపోకి ముడిపడి ఉండకపోవచ్చు, ఎంసీఎల్ఆర్ అయ్యుంటుంది, అంటే బ్యాంకు తన ఖర్చుల్ని బట్టి తానే కట్టుకునే రేటు. అది నత్తనడక, దరఖాస్తు పెట్టి మార్పించుకోండి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ లోనైతే రెపో ముడి వాళ్ళకి వర్తించనే వర్తించదు, వాళ్ళ రేటు వాళ్ళిష్టం. మా బావమరిది ఇందులోనే ఇరుక్కున్నాడు. వాడి ఫ్లాటు బి-ఖాతా, అంటే అనుమతులు సరిగా లేని ఆస్తుల రిజిస్టరులో ఉన్నది, వాడు తిరిగిన బ్యాంకులన్నీ ఆ మాట వినగానే ఫైలు మూసేశాయి. బెంగళూరులో ఖాతా ఏదో చూడకుండా ఇల్లు కొనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, వాడితో సహా. చివరికి పది శాతం దాటిన వడ్డీకి ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చింది. ఆ కంపెనీలు మనలాంటి వాళ్ళ సేవింగ్స్ ఖాతాల డబ్బుతో నడవవు. బాండ్లు అమ్మి, బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చి మనకిస్తాయి. రేట్లు ఎక్కువున్నప్పుడు అమ్మిన బాండ్లకి అవి తీరేదాకా ఆ వడ్డీ కట్టాల్సిందే, కాబట్టి తగ్గింపు మనదాకా రావడానికి కాళ్ళీడుస్తుంది. పెంచేటప్పుడు మాత్రం ఆ కాళ్ళకి చక్రాలుంటాయి.

బ్యాంకుకైనా రెపో అంటే కొలబద్దే. రెపో అనేది గవర్నమెంటు బాండ్లు తాకట్టు పెట్టుకుని రిజర్వు బ్యాంకు ఇతర బ్యాంకులకి కొద్దిరోజులకిచ్చే అప్పు మీద వడ్డీ. మీకిచ్చిన లోను ఆ డబ్బు కాదు. ఎక్కువ భాగం మా నాన్నలాంటి వాళ్ళ ఎఫ్‌డీలు. 2021లో ఆయన ఎఫ్‌డీకి ఆరు శాతం లోపు ఇచ్చారు, నా లోనుకి 6.75 తీసుకున్నారు. ‘మధ్యలో వీడెందుకురా, నేనే నీకిస్తా’ అన్నాడు నాన్న ఒకసారి. లెక్కకి బాగానే ఉంది. కానీ ఎఫ్‌డీని ఆయన ఎప్పుడంటే అప్పుడు విరగ్గొట్టుకుని తెచ్చుకుంటాడు, నేను ఇరవై ఏళ్ళదాకా తీర్చను. ఆ రెంటికీ మధ్య నిలబడి ఇద్దరికీ మాటిచ్చేవాడికి కూలి గిట్టాలి కదా. ఆ కూలి మీద నాకు అభ్యంతరం లేదు. ఒకే పనికి కొత్తవాడి దగ్గర తక్కువ కూలి, నా దగ్గర ఎక్కువ తీసుకోవడం మీదే నా గొడవ.

అందుకే మీరు అడగాల్సింది రెపో గురించి కాదు. ‘నా స్ప్రెడ్ ఎంత, ఈరోజు కొత్త కస్టమర్‌కి ఎంత’ అని మెయిల్‌లో అడగండి. బెంగళూరులో హోమ్‌లోన్ ఉన్న పదిమందిలో తొమ్మిదిమందికి తమ స్ప్రెడ్ తెలియదు. సర్వే ఏం చేయలేదు, మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో అడిగా, చాలు. మూడేళ్ళు కాలేదు, తగ్గించలేం అని ఎవరైనా అంటే, 2025 అక్టోబరు నుంచి మూడేళ్ళు కాకపోయినా స్ప్రెడ్ తగ్గించుకునే వీలు బ్యాంకులకి ఇచ్చారని గుర్తు చేయండి. ఇంకా మొండికేస్తే వేరే బ్యాంకుకి మారతానని చెప్పండి. ఫ్లోటింగ్ రేటు మీద వ్యక్తిగతంగా తీసుకున్న ఇంటి లోనుకి ముందే తీర్చినందుకు జరిమానా వేయకూడదు. తీర్చేశాక ఒరిజినల్ దస్తావేజులు ముప్ఫై రోజుల్లో ఇవ్వకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకీ వాళ్ళే మీకు 5,000 ఇవ్వాలి, అది 2023 డిసెంబరు నుంచి ఉన్న రూలు. మారేటప్పుడు కొత్త బ్యాంకు ఎంఓడీ (దస్తావేజులు తాకట్టు పెట్టినట్టు రాసే పత్రం) రిజిస్ట్రేషన్, లీగల్ ఖర్చులు లెక్కేసుకోండి, అక్కడే చాలామంది బోల్తాపడతారు.

నాకు ఈ మధ్య రేటు 7.50కి దిగింది. ఈఎంఐ మార్చొద్దన్నా, నెలలు తగ్గుతున్నాయి. అదే వారం నాన్న ఎఫ్‌డీ రెన్యూవల్‌కి ఒంగోలు బ్రాంచికి వెళ్ళొచ్చి ఫోన్ చేశాడు. ‘వడ్డీ తగ్గించేశారురా. నీలాంటోళ్ళ లోన్లకి తగ్గించాలంటే మాకు తగ్గించక తప్పదంట, మేనేజరు చెప్పాడు.’ ‘ఆ తేడా నెలనెలా నేను పంపిస్తాలే నాన్నా’ అన్నా. ‘ఛ, నీ డబ్బు నాకెందుకు’ అని పెట్టేశాడు. పది నిమిషాల తర్వాత మళ్ళీ చేశాడు. ‘ఎంతంటావు, సుమారుగా?’