ఎండ మాకు అలవాటే అంటున్న నాన్న, దుమ్ము తుపాను తర్వాత తగ్గని అమ్మ దగ్గు.. ఏం చేయాలి డాక్టర్?

ప్రశ్న: మేము అమెరికాలో ఫీనిక్స్‌లో ఉంటున్నాం. మే నెలాఖరులో అమ్మానాన్న వచ్చారు, అక్టోబరు దాకా ఉంటారు. నాన్నకు 68 ఏళ్లు. బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర, షుగర్‌కు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వేసుకుంటారు. అమ్మకు 63, ఆస్తమా ఉంది. ‘రెంటచింతల పక్కన పుట్టినవాణ్ని, నాకే ఎండ గురించి చెప్తావా’ అంటూ నాన్న రోజూ సాయంత్రం నడకకు వెళ్తున్నారు. పైగా ఇక్కడ చెమటే పట్టడం లేదంటారు. మేం ఆఫీసుకు వెళ్లగానే ఏసీ కట్టేసి ఫ్యాన్ వేసుకుంటారు. మూడు వారాల కిందట పెద్ద దుమ్ము తుపాను వచ్చినప్పుడు ఇద్దరూ బయటే ఉన్నారు. పది రోజులుగా అమ్మకు దగ్గు, సాయంత్రానికి జ్వరం, నీరసం. క్లినిక్‌లో యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గలేదు. ఇప్పుడేమో కొండల్లో పిడుగులు పడి అడవి అంటుకుంది, ఊళ్లోకి పొగ వస్తుందంటున్నారు. కిటికీలు మూయాలా, తెరవాలా అన్నది కూడా తెలియడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు ఎండ గురించి, పొగ గురించి అడిగారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో మొదట కంటపడింది అమ్మగారి దగ్గు. దుమ్ము తుపానుకూ దగ్గు మొదలవడానికీ మధ్య పదకొండు రోజుల ఎడం ఉంది. ఆస్తమా ఉన్నవాళ్లకు దుమ్ము పడకపోతే ఆ రాత్రికో, మర్నాటికో ఆయాసం వస్తుంది. పదకొండు రోజులు ఆగి, జ్వరంతో కలిసి రాదు. యాంటీబయాటిక్‌కు కూడా లొంగలేదంటే అరిజోనాలో మొదట అనుమానించాల్సింది వ్యాలీ ఫీవర్‌ను.

అక్కడి ఎడారి మట్టిలో కాక్సిడియోయిడెస్ అనే ఫంగస్ ఉంటుంది. మట్టి పైకి లేచినప్పుడు దాని బీజాలు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. ఒకటి నుంచి మూడు వారాల తర్వాత దగ్గు, జ్వరం, విపరీతమైన నీరసం, కీళ్ల నొప్పులు, ఒక్కోసారి ఒంటిమీద దద్దుర్లు వస్తాయి. అచ్చం న్యుమోనియాలా కనిపిస్తుంది కాబట్టే యాంటీబయాటిక్ ఇచ్చి పంపేస్తుంటారు. ఫంగస్ మీద ఆ మందు పనిచేయదు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు, అమ్మగారిని వేరే గదిలో ఉంచాల్సిన పని లేదు. చాలామందికి మందు లేకుండానే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అవసరమైతే ఫ్లూకోనజోల్ లాంటి ఫంగస్ మందు ఇస్తారు.

ఈ వారంలోనే మళ్లీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి, ‘దుమ్ము తుపానులో చిక్కుకున్నాం, వ్యాలీ ఫీవర్ రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయండి’ అని మీరే అడగండి. మొదటి వారాల్లో రక్తపరీక్ష తప్పుగా నెగటివ్ రావచ్చు. లక్షణాలు తగ్గకపోతే రెండోసారి చేయించాలి. రోజూ పీల్చే ఆస్తమా ఇన్‌హేలర్ ఆపవద్దు. కానీ ఇంటి నుంచి తెచ్చుకున్న స్టెరాయిడ్ మాత్రలు ఉంటే సొంతంగా మొదలుపెట్టవద్దు. వ్యాలీ ఫీవర్ ఉన్నప్పుడు అవి జబ్బును ఒళ్లంతా పాకించే ప్రమాదం ఉంది. ఇంకో మాట. అక్టోబరులో ఇంటికి వెళ్లాక దగ్గు మళ్లీ వచ్చి ఎక్స్‌రే తీస్తే, దాన్ని చూసిన మన డాక్టర్లకు మొదట తోచేది టీబీ. వాళ్ల తప్పేమీ లేదు, మన దగ్గర ఈ ఫంగస్ లేదు. అరిజోనాలో నాలుగు నెలలు ఉండి వచ్చామని తప్పకుండా చెప్పమనండి.

ఇక నాన్నగారు. ఎండ తనకు కొత్త కాదన్న ఆయన మాట అబద్ధం కాదు. కానీ ఆయన ఒంటికి తెలిసిన ఎండ వేరు, ఇది వేరు. మన దగ్గర చెమట కారుతుంది, చొక్కా తడుస్తుంది, దాహం వేస్తోందని ఒళ్లే చెబుతుంది. ఎడారి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పుట్టిన చోటే ఆవిరైపోతుంది. ‘చెమటే పట్టడం లేదు’ అని ఆయన అంటున్నారు చూశారా, దాన్ని ధైర్యంగా కాక హెచ్చరికగా తీసుకోండి. గంటకు లీటరు నీరు పోయినా చొక్కా పొడిగానే ఉంటుంది. అరవై దాటాక దాహం తెలియడం కూడా తగ్గుతుంది.

దీనికి ఆయన మందులు తోడవుతాయి. హైడ్రోక్లోరోథయజైడ్ పనే ఒంట్లో నీటినీ ఉప్పునూ మూత్రంలో పంపడం. డాపాగ్లిఫ్లోజిన్ చక్కెరను మూత్రంలోకి తోస్తుంది, ఆ చక్కెర వెంట నీరూ పోతుంది. నీరు తగ్గినప్పుడు కిడ్నీ తనను తాను కాపాడుకునే ఏర్పాటు ఒకటి ఉంది, టెల్మిసార్టన్ దానికి అడ్డు పడుతుంది. మామూలు రోజుల్లో ఇవి మంచి మందులే, మానేయమని నేను అనడం లేదు. కానీ 43 డిగ్రీల ఎండలో సాయంత్రం నడిచే మనిషికి ఈ మూడూ కలిపి ఉన్నాయంటే మోతాదు మరోసారి చూడాలి. ఇండియాలో ఈ మందులు రాసిచ్చిన డాక్టరుతో వీడియో కాల్‌లో మాట్లాడించండి. ఈలోగా బీపీని కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి చూడండి. నిలబడితే పై అంకె 20 పడిపోయినా, కళ్లు తిరుగుతున్నా అదే రోజు డాక్టరుకు చెప్పాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుని తిండి సయించని రోజున డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్ వేసుకోవాలా వద్దా అన్నది కూడా ముందే అడిగి రాసి పెట్టుకోండి. చాలామందికి ఆ రోజులకు ఆపమనే చెబుతాం.

నడక మానక్కర్లేదు, వేళ మార్చాలి. ఫీనిక్స్‌లో ఎండ తారస్థాయికి చేరేది మధ్యాహ్నం పన్నెండుకు కాదు, సాయంత్రం నాలుగైదు గంటలకు. పొద్దుగూకాక కూడా రోడ్లూ గోడలూ వేడి కక్కుతూనే ఉంటాయి. 2023 జులై 19న అక్కడ రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతే 97 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 36 సెల్సియస్. ఆ ఏడాది 110 ఫారెన్‌హీట్‌కు (43 సెల్సియస్) తగ్గని పగళ్లు వరుసగా 31 వచ్చాయి. ఫీనిక్స్ ఉన్న మరికోపా కౌంటీలో ఎండకు సంబంధించిన మరణాలుగా లెక్కతేలినవి 645. కొంచెమైనా ఊపిరాడే వేళ తెల్లవారుజామే, సూర్యుడు ఐదున్నర ప్రాంతంలో పైకి రాకముందు. కాళ్లకు బూట్లు ఉండాలి. పేపరు తీసుకురావడానికో, తులసి కుండీకి నీళ్లు పోయడానికో ఉత్త కాళ్లతో బయటికి వెళ్లడం మన పెద్దవాళ్ల అలవాటు. అక్కడి వేసవిలో తారు రోడ్డు తాకితే క్షణాల్లో బొబ్బలెక్కుతుంది. షుగర్ వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకు ఆ సంగతి తెలిసేసరికి పుండు పడి ఉంటుంది.

ఫ్యాన్ సంగతి కూడా ఆయనకు ఇలా చెప్పండి. గది వేడి మన చర్మం వేడిని, అంటే దాదాపు 35 సెల్సియస్‌ను దాటాక ఫ్యాన్ చల్లార్చదు, వేడిగాలిని ఒంటికి కొడుతుంది. ఏసీ ఆపిన ఫీనిక్స్ ఇల్లు మధ్యాహ్నానికి ఆ గీత దాటేస్తుంది. ఇళ్ల లోపల ఎండకు చనిపోయినవారి సంగతి ఆరా తీస్తే, ఏసీ ఉన్నా పనిచేయని, లేదా ఆపేసి ఉన్న ఇళ్లు చాలా కనిపించాయి. పిల్లలకు కరెంటు బిల్లు పెరుగుతుందని పెద్దలు ఏసీ కట్టేయడం నేను నా దగ్గరికొచ్చే కుటుంబాల్లో ఎన్నిసార్లు విన్నానో. బిల్లు కనపడకుండా దాచిపెట్టండి, అంతే!

ఇప్పుడు మేఘాల విషయం. అరిజోనాలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 వరకు మాన్సూన్ కాలమంటారు. పేరు మనదే అయినా తీరు వేరు. ముఖ్యంగా తొలి వారాల్లో మేఘం చాలా ఎత్తున ఉంటుంది, కింద గాలి ఎండిపోయి ఉంటుంది. వాన మొదలైనా నేలను చేరకముందే గాలిలోనే ఆవిరైపోతుంది. అలా ఆవిరవడం వల్ల చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా కిందికి పడి, నేలను తాకి నలువైపులా పరుగెత్తుతుంది. అదే ఎడారి మట్టిని గోడలా లేపుతుంది. అక్కడివాళ్లు దాన్ని హబూబ్ అంటారు. చినుకు లేకుండా పడ్డ పిడుగు ఎండుగడ్డిని అంటిస్తే, ఈ గాలే ఆ మంటను తోస్తుంది, దిక్కు కూడా మారుస్తుంది. 2013 జూన్ 30న అరిజోనాలోనే యార్నెల్ దగ్గర ఉరుముల మేఘం నుంచి వచ్చిన ఇలాంటి గాలికే మంట తిరగబడి, 19 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. అందుకే రెడ్ ఫ్లాగ్ వార్నింగ్ (మంటలు వేగంగా పాకే వాతావరణం ఉందన్న హెచ్చరిక) అన్న మాట ఫోనులో కనిపిస్తే, ఆ రోజు ఎక్కడో కొండల్లో సంగతని వదిలేయకండి. ఎండ, దుమ్ము, పొగ మూడూ ఒకే సాయంత్రం మీ వీధికి రావచ్చు.

మనవాళ్లకు వాన ముందు వీచే చల్లగాలి అంటే గుమ్మంలోకి రమ్మని పిలిచినట్టే. రోజంతా ఉడికిన ప్రాణానికి ఎంత హాయో! మీ ఇంట్లో కూడా ఆ రోజు అమ్మానాన్న అలాగే బయటికి వచ్చి ఉంటారని నా ఊహ. ఫీనిక్స్‌లో ఆ చల్లగాలి తగిలిందంటే వెనకే దుమ్ము వస్తోందని అర్థం. వెంటనే లోపలికి వెళ్లి తలుపులు, కిటికీలు వేసుకోవాలి. ఉరుము వినిపిస్తే పిడుగు పడేంత దగ్గరలో ఉన్నట్టే, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. ఆస్తమా వాళ్లకు ఉరుముల గాలి ఇంకో రకంగా కూడా ప్రమాదం. తడికి పుప్పొడి రేణువులు పగిలి లోతుగా పీల్చుకునేంత సన్నమవుతాయి. 2016 నవంబరులో మెల్‌బోర్న్‌లో ఒక్క సాయంత్రం తుపానుకు వేలమంది ఆయాసంతో ఆసుపత్రులకు పరుగెత్తింది ఇందువల్లే. కారులో ఉండగా దుమ్ము కమ్మితే రోడ్డు దిగి దూరంగా ఆపి, లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీది నుంచి కాలు తీసి కూర్చోండి. లైటు వెలుగుతుంటే రోడ్డు అదే అనుకుని వెనకవాళ్లు మీ మీదికే వస్తారు.

కిటికీలు మూయాలా తెరవాలా అన్నారు. ఏసీ నడుస్తుంటే మూయాలి, బయటి గాలి లోపలికి రాకుండా, ఇంట్లో ఉన్న గాలే తిరిగేలా పెట్టాలి. మీ ఏసీకి సన్నటి రేణువులను కూడా పట్టే మెర్వ్ 13 రకం ఫిల్టరు పడుతుందేమో చూడండి. పొగలో హాని చేసే రేణువు 2.5 మైక్రాన్లకు లోపే, వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు. గుడ్డ మాస్కు దాన్ని ఆపలేదు, ముఖానికి అతుక్కుని కూర్చునే ఎన్95 ఆపుతుంది. ఫోనులో గాలి నాణ్యత సూచీ 100 దాటితే అమ్మగారు, 150 దాటితే అందరూ లోపలే ఉండాలి. నీళ్లు పోసే కూలర్ ఉన్న ఇంట్లో మాత్రం చిక్కు. అది బయటి గాలినే లాక్కుంటుంది, పొగను కూడా. పైగా మాన్సూన్ తేమ పెరిగిన రోజున అది చల్లబరచలేదు.

తుపాను గాలికి కరెంటు పోయి ఏసీ ఆగి, బయట పొగ కూడా ఉంటే? అప్పుడు వేడి, పొగ రెండింటిలో ముందుగా తప్పించుకోవాల్సింది వేడినుంచే. అది గంటల్లో ప్రాణం తీస్తుంది. మూసిన ఇంట్లో ఉడుకుతూ కూర్చోకుండా ఎన్95 పెట్టుకుని, కారు ఏసీ వేసుకుని కరెంటున్న లైబ్రరీకో, మాల్‌కో, తెలిసినవాళ్ల ఇంటికో వెళ్లిపోండి. 211కు ఫోన్ చేస్తే దగ్గర్లోని చల్లని కేంద్రం ఎక్కడో చెబుతారు. వెళ్లేటప్పుడు ఇన్‌హేలర్, షుగర్ చూసే మెషీన్ చేతిసంచిలోనే ఉండాలి. ఎండలో ఆపిన కారులో ఇన్‌హేలర్ పేలిపోగలదు, షుగర్ స్ట్రిప్పులు తప్పుడు అంకెలు చూపిస్తాయి.

నాన్నగారు ఎప్పుడైనా తడబడుతూ మాట్లాడినా, ఉన్న చోటు తెలియకపోయినా, ఊరికే చిరాకు పడుతున్నా, తూలుతున్నా వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదని అనుకోవద్దు. 911కు ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా చల్లబరచడం మొదలుపెట్టండి. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి గాలి విసురుతూ, మెడకూ చంకలకూ గజ్జలకూ ఐసు పెట్టండి. పారాసెటమాల్ ఈ జ్వరానికి పనిచేయదు. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయవద్దు. ఫీనిక్స్ అగ్నిమాపక సిబ్బంది 2024 నుంచి మనిషిని ఐసు నింపిన సంచిలో పడుకోబెట్టే ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. చల్లబరచడంలో నిమిషాలు అంత ముఖ్యం.

విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకు సరిగా ఇవ్వదని, బిల్లు భయంతో మీ నాన్నగారు లక్షణాలు దాచిపెట్టవచ్చు. అందుకని ముందే ఆయన్ని కూర్చోబెట్టి చెప్పండి: 1986 నాటి చట్టం ప్రకారం అమెరికాలో ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని డబ్బు, ఇన్సూరెన్స్ చూడకుండా పరీక్షించి, ప్రమాదం తప్పేదాకా చికిత్స చేయాల్సిందే. బిల్లు తర్వాత వస్తుంది, నిజమే. దాని గురించి ఆసుపత్రి వాళ్లతో మాట్లాడి తగ్గించుకునే వీలుంటుంది, వాయిదాల్లో కట్టవచ్చు. ఆ బేరం మీరు చూసుకుంటానని ఆయనకు మాటివ్వండి.