గివి ఎవలి మాటలే బిడ్డా?

పాలకొండ

అమ్మాయీ,

నీ కాగితాల కట్ట అంది పదిహేను రోజులు దాటింది. అరవై రెండు పేజీలు. కంటి ఆపరేషన్ అయ్యాక గంటకు మించి చదవొద్దన్నారు, అందుకే ఇంత ఆలస్యం. 'నువ్వు' అంటున్నాను, మా వైపు పెద్దవాళ్లం పిల్లల్ని అలాగే అంటాం.

నైజీరియా నవలాకారుడు చినువా అచెబె జీవితాన్ని తెలుగులో రాయాలని నీ వయసులో బుద్ధి పుట్టడమే గొప్ప. ఆ మాట అనేశాను కదా, ఇక పోట్లాటకు వస్తాను.

మూడో పేజీలో, ఆయన్ని కెన్యా రచయిత గూగీతో పోలుస్తూ రాశావు: "ఆంగ్ల వ్యామోహానికి లోనైన అచెబె మాతృభాషకు తీరని ద్రోహం చేయగా, గూగీ వా థియాంగో ఆ శృంఖలాలను తెంచుకుని ధిక్కార స్వరమై నిలిచాడు." అక్కడ కాగితాలు పక్కన పడేసి వీధి అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాను. అచెబెను తిట్టావని కాదు. ఆయన్ని నీకంటే ముందు, నీకంటే గట్టిగా తిట్టినవాళ్లున్నారు. యూరప్ భాషల్లో రాసుకుంటూ పోతే ఆఫ్రికా సాహిత్యానికి ముందు దారి లేదని నైజీరియా విమర్శకుడు ఓబి వాలి 1963లోనే తెగేసి చెప్పాడు. నా బాధ వేరు. తల్లిభాషకు ద్రోహం జరిగిందని గోల పెట్టిన ఆ వాక్యం ఏ తల్లి భాషలో ఉందమ్మా? శృంఖలాలట, ధిక్కార స్వరమట. మీ ఇంట్లో ఎవరైనా ఎవరినైనా అలా తిట్టుకుంటారా?

అదే కట్ట మీద నువ్వు పిన్ను కొట్టిన చిన్న ఉత్తరం ఉంది. "సార్, మా నాయనమ్మకు సదివి వినిపిస్తే, మంచిగనే ఉన్నది గని గివి ఎవలి మాటలే బిడ్డా అన్నది. ఏం జెప్పాల్నో నాకు సమజ్ కాలె." మా ఆవిడను పిలిచి మరీ చదివి వినిపించాను. తొందరలో, ఎవరికి నచ్చాలనీ చూసుకోకుండా రాసిన ఆ రెండు ముక్కలు లోపలి అరవై రెండు పేజీల్నీ మింగేశాయి.

నువ్వు వదిలేసిన సంగతి ఒకటి చెబుతాను. అచెబె పుట్టింది 1930లో, తూర్పు నైజీరియాలో ఒగిడి అనే ఊళ్లో. తండ్రి మిషన్ వాళ్ల కోసం ఊరూరా తిరిగి బోధించిన మనిషి. ఇంట్లో బైబిలు వాళ్ల తల్లిభాష ఇగ్బోలో ఉండేది. అయితే ఏ ఇగ్బో? ఆర్చ్‌డీకన్ డెన్నిస్ అనే మిషనరీ పెద్దమనిషి వేర్వేరు ప్రాంతాల వాళ్లను కూర్చోబెట్టి, ఒక్కో మాండలికంలోంచి ఇన్ని మాటలు ఏరి, కలిపి, 'యూనియన్ ఇగ్బో' అనే సరుకు తయారు చేశాడు. అందులో బైబిలంతా 1913లో అచ్చయింది. ఏ ఊళ్లోనూ ఎవరూ మాట్లాడని భాష, రాయాలంటే మాత్రం అదే భాష. ఆ భాష చేత ఎంత చేసినా పాట పాడించలేమని, చెక్కలా బరువుగా ఉంటుందని అచెబె 1994లో ఒక ఇంటర్వ్యూలో వాపోయాడు. 1999లో ఓవెర్రిలో పెద్ద సభకు పిలిస్తే, వెళ్లి పూర్తిగా ఇగ్బోలో ప్రసంగించాడు, అదీ తన ఒగిడి వాళ్లు మాట్లాడుకునే ఇగ్బోలో. డెన్నిస్‌ను కడిగేశాడు. విన్నవాళ్లలో కొందరికి అది మింగుడు పడలేదు. నైజీరియా అంతర్యుద్ధంలో పోయిన స్నేహితుడు, కవి క్రిస్టఫర్ ఒకిగ్బో మీద స్మృతిగీతం రాయాల్సి వచ్చినప్పుడూ ఆయన చేతికి ఇగ్బోనే వచ్చింది. వ్యామోహం అనే మాటలో ఇవన్నీ ఎక్కడ పడతాయి?

ఇది మనకు కొత్త కథ కూడా కాదు. డెన్నిస్ అక్కడ భాషను కుట్టిస్తున్న రోజుల్లోనే ఇక్కడ, మా ఇంటికి నాలుగు గంటల దూరం లేని పర్లాకిమిడిలో, గిడుగు రామమూర్తి పంతులుగారు పండితులతో తగువు పడుతున్నారు: నోట్లో లేని భాషను పిల్లల పలక మీద ఎందుకు పెడతారని. ఆయన గెలిచారని పాఠ్యపుస్తకాల్లో రాస్తారు. నేనైతే సగమే గెలిచారంటాను. గ్రాంథికం పోయింది, దాని కుర్చీలో ఇంకొకటి కూర్చుంది.

దాని పేరు 'శిష్ట వ్యావహారికం', అంటే చదువుకున్నవాళ్లు మాట్లాడే తెలుగు. నాకూ దానికీ నలభై ఏళ్ల పగ.

1983లో ఒక వారపత్రికకు కథ పంపాను. వంశధార వరదలో గొడ్లు పోయిన ఇంటి కథ. అందులో ముసలమ్మ ఒక్కటే మాటంటుంది: "ఏటి సేత్తాం నాయినా, గాచారం." కథ అచ్చయింది. ఊళ్లో ఏకైక పుస్తకాల కొట్టు ముందు నిలబడి పేజీ తిప్పితే, మా ముసలమ్మ "ఏం చేయగలం నాయనా, మన ప్రారబ్ధం" అంటోంది! చదువుకున్న కోడలు వచ్చి అత్తగారి నోట్లోంచి మాట్లాడినట్టుంది. సంపాదకుడికి కార్డు రాస్తే జవాబొచ్చింది: 'మీ యాస కోస్తా, సీమ, తెలంగాణ పాఠకులకు అర్థం కాదు కనుక సంస్కరించాం.' సంస్కరించారట. గాచారం అంటే తెలియని తెలుగువాడు ఎక్కడున్నాడో ఆ మహానుభావుడే చెప్పాలి. ఇప్పుడు గాలి తిరిగింది. మొన్నొక సంకలనం వాళ్లు ఫోన్ చేసి, "మాస్టారూ, మీ కథలో యాస ఇంకొంచెం పెంచగలరా?" అన్నారు, పులుసులో ఉప్పు చాలలేదన్నట్టు. అప్పుడు తీసేసినవాడికీ ఇప్పుడు పెంచమన్నవాడికీ ఆ ముసలమ్మ ఎవరో అక్కర్లేదు.

కాబట్టి అచెబె ఇంగ్లీషులో రాశాడా, ఇగ్బోలో రాశాడా అని మాత్రం నన్నడక్కు. ఇంగ్లీషులో రాస్తూ ఆ మనిషి ఎవరి నోరు విన్నాడో చూడు. ఆయన మూడో నవల 'ఆరో ఆఫ్ గాడ్'లో ఎజెయులు అనే పూజారి తన కొడుకుల్లో ఒకణ్ని తెల్లవాళ్ల చర్చికి పంపిస్తాడు. ఎందుకు పంపుతున్నాడో కొడుక్కి చెప్పే మాటలున్నాయి: అక్కడ నా కన్నుగా ఉండమంటాడు. లోకం ముసుగు కట్టి ఆడే దేవుడి లాంటిది, ఒక్కచోటే నిలబడితే కనబడదంటాడు. తర్వాత 1965లో వ్యాసం రాస్తూ అచెబె ఆ పేరానే తీసుకుని, పక్కనే అదే సంగతిని మామూలు ఆఫీసు ఇంగ్లీషులో తిరగరాసి చూపించాడు: కొత్త మతం పెరిగితే ఇబ్బంది లేకుండా ముందుజాగ్రత్తగా నిన్ను నా ప్రతినిధిగా పంపుతున్నాను, అన్నట్టు. అర్థం రెండింటిదీ ఒకటే. రెండోదాంట్లో పూజారి లేడు, గుమాస్తా ఉన్నాడు. నీ అరవై రెండు పేజీల్లో నాకు కనిపించింది ఆ గుమాస్తాయే. పెన్సిలుతో పేజీల మార్జిన్‌లలో 'గు' అని రాశాను, ఎక్కడెక్కడ కనిపిస్తే అక్కడ. నలభై దాటాక లెక్క మానేశాను.

గూగీ గురించి నువ్వు రాసినదాంట్లో తప్పు లేదు, అయితే సగమే ఉంది. 1977 డిసెంబరు ఆఖరి రోజున కెన్యా ప్రభుత్వం పట్టుకెళ్లి కమిటి జైల్లో పెడితే, అక్కడ టాయిలెట్ పేపరు మీద తన తల్లిభాష గికుయులో నవల రాశాడు. దండం పెట్టాల్సిన మనిషే. మరి ఆ నవల మన దాకా ఎలా వచ్చింది? గూగీ తనే ఇంగ్లీషు చేస్తే, ఆ ఇంగ్లీషును పట్టుకుని వరవరరావు గారు తానూ జైల్లో ఉండగా తెలుగు చేశారు. రెండు జైళ్ల మధ్య వంతెన ఇంగ్లీషే. నీ బొమ్మలో ఈ వంతెనను ఎటు పెడతావో నాకు తెలియదు. ఇంకోటి. 1962లో ఉగాండాలోని మకెరెరె కాలేజీలో రచయితల సదస్సు జరిగినప్పుడు అక్కడ చదువుకుంటున్న కుర్రాడు జేమ్స్ గూగీ (మన గూగీకి అప్పటి పేరు) తన రాతప్రతి తెచ్చి ఎవరి చేతిలో పెట్టాడు? నువ్వు ద్రోహి అన్నాయన చేతిలో. ఆయన చదివి, ప్రచురణకర్తలకు చెప్పాడు. భాష దగ్గర ఇద్దరూ తర్వాత విడిపోయారు, నిజమే. దాన్ని రామరావణ యుద్ధం చేయకు.

మొదటి పేజీలో 'ఆఫ్రికా సాహిత్య పితామహుడు' అన్నావు. కొట్టేశాను. ఆ బిరుదు వద్దు మొర్రో, మేం చాలామందిమి అని ఆయనే మొత్తుకున్నాడు. మనకి ఒక జబ్బుంది, ఎవణ్నైనా పితామహుణ్నో చక్రవర్తినో చేస్తే తప్ప నిద్ర పట్టదు. చక్రవర్తి అయ్యాక ఆయన పుస్తకం ఎవరూ చదవక్కర్లేదు కదా, సౌకర్యం.

బిరుదుకు బదులు ఆయన రాతప్రతిని టైపుకు పంపిన కథ రాయి, దాన్ని నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు. 1957. లాగోస్‌లో రేడియో ఉద్యోగం. మూడు తరాల కథగా మొదలుపెట్టిన తన మొదటి నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్'ను నిర్దాక్షిణ్యంగా కోసి, మొదటి తరం మాత్రం ఉంచాడు. చేత్తో రాసిన ఒకే ఒక ప్రతి. పత్రికలో ప్రకటన చూసి దాన్ని లండన్‌లో టైపు చేసే వాళ్లకు పంపాడు. వాళ్లడిగిన డబ్బూ పంపాడు. తర్వాత నెలల తరబడి ఉలుకూ లేదు, పలుకూ లేదు. రేడియోలో ఆయన పై అధికారి ఆంజెలా బీటీ సెలవు మీద లండన్ వెళ్తూ, వాళ్ల ఆఫీసుకు పోయి గట్టిగా నిలదీసింది. ఏ మూలనో దుమ్ము కొట్టుకుంటున్న కట్ట అప్పుడు బయటికొచ్చింది. 1958లో అచ్చయిన మొదటి కూర్పు రెండు వేల ప్రతులు. ఆ కట్ట పోయి ఉంటే బహుశా రాయడమే మానేసేవాణ్నని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

నాకు ఆంజెలా బీటీ లేదు. నా మొదటి నవల, రెండు దస్తాల తెల్లకాగితాలు, కార్బన్ పెట్టకుండా రాసి ఒక పోటీకి పంపాను. కార్బన్ కాగితం కొనడానికి పీనాసితనం, ఇంకేం కాదు. మూడేళ్లు ఉత్తరాలు రాశాను. చివరికి విజయవాడ వెళ్లి ఆ ఆఫీసు మెట్లెక్కితే, అక్కడున్నాయన టీ తాగుతూ, "ఫలితాలు వచ్చాక రాతప్రతులు చిత్తుకాగితాల వాడికేస్తాం బాబూ, నియమాల్లో ఉంది కదా" అన్నాడు. ఉంది. చదువుకున్నాను కూడా. బస్టాండుకు నడుస్తుంటే మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన కాగితం మీద ఎవరిదో చేతిరాత కనిపించింది. నాది కాదులే. అయినా బండి దగ్గర నిలబడి మొత్తం చదివాను. ఆ నవలను మళ్లీ రాయబోతే రాలేదు. ముసలమ్మ ఒక్కతే మిగిలింది, ఆమెను పట్టుకునే వరద కథ రాశాను, ఆ కథలో ఆమె నోరు ఏమైందో పైన చెప్పాను.

నీ కట్ట తిరిగి పంపుతున్నాను. పోస్టాఫీసులో రిజిస్టర్డ్ పోస్టు లేదట, స్పీడ్ పోస్టులో కలిపేశారట. కవరు మీద మీ నాన్నగారి ఫోన్ నంబరు కూడా రాయించాను. అందగానే జెరాక్స్ తీయించు, ఆ తర్వాతే నన్ను తిట్టు. నువ్వడిగిన ముందుమాట సంగతి ఇప్పుడు మాట్లాడను.

నాయనమ్మ అడిగినదానికి నువ్వేం చెప్పావో రాయలేదు. చెప్పి ఉండకపోతే, అచెబె రాతప్రతి టైపుకు పోయిన కథ ఆమెకు నోటితో చెప్పి చూడు, కాగితం చూడకుండా. అచెబె అనే పేరును ఆమె ఎలా పలికిందో నాకు రాయి.

ఆశీస్సులతో,
పాలకొండ మాస్టారు